అతికి పంపమన్న బ్యాండు

కొట్టు అటక మీది అట్టపెట్టె మూత తీస్తే ముందు కలరా ఉండల వాసన తగులుతుంది, దాని వెనకాల గంజి పట్టిన పాత నూలు వాసన, అవి రెండూ తేలిపోయాక అడుగున ఎక్కణ్ణుంచో ఎండుమిరపకాయల ఘాటు. మేము మిరపకాయలు ఏనాడూ అమ్మలేదు. తాతల నాటి నుంచీ మాది నరసరావుపేటలో దారాలూ గుండీలూ చీర ఫాల్సులూ అమ్మే కొట్టే. కానీ ఈ ఊళ్ళో ఏది దాచిపెట్టినా దానితోపాటు కాస్త మిరప ఘాటు కూడా దాగుతుంది, తీసినవాళ్ళ ముక్కు అదిరి కళ్ళు చెమ్మగిల్లుతాయి. అందుకే మొన్న ఆ పెట్టె దించి నేను కళ్ళు తుడుచుకుంటుంటే మా అమ్మాయి ఏమీ పట్టించుకోలేదు. దానికి ఫ్రెండ్‌షిప్ డే ముంచుకొస్తోంది, ఫోన్లో చూసి ముళ్ళ బ్యాండు అల్లుతోంది, రంగు దారాలు కావాలి, అంతే. అల్లుతూ అల్లుతూ ఒక పోగు పుటుక్కున తెగితే, "పోయింది, మళ్ళీ మొదట్నుంచీ" అని కత్తెర అందుకుంది. నేను దాని చేతిలోంచి బ్యాండు లాక్కుని, కొత్త పోగును పక్క వరస ముళ్ళ కిందుగా నడిపించి, తెగినదాన్ని వెనక్కి మళ్ళించి, నాలుగు ముళ్ళు పడేసరికి అతుకు ఎక్కడుందో నాకే కనపడలేదు. కళ్ళజోడు లేకపోతే సూదిలో దారం ఎక్కించలేని మనిషిని, నా వేళ్ళు నన్ను అడక్కుండానే ఈ పని చేసేశాయి.

"నీకిది ఎట్టా వచ్చు?" అంది మా అమ్మాయి.

"కోటి నేర్పింది" అన్నాను.

కోటి అంటే కోటేశ్వరి. కోటప్పకొండ కనపడేంత మేరా పుట్టిన పిల్లల్లో సగం మంది కోటేశ్వరరావులూ కోటమ్మలూ కోటేశ్వరులూను. మా క్లాసులో హాజరు పిలుస్తుంటే వరసగా కోట్లే వినపడేవి. మా నాన్న గల్లాపెట్టె ముందు కూర్చుని, "మన కొట్టుకి రాని కోట్లన్నీ మీ బడికే పోతన్నయ్యే" అనేవాడు. కానీ నాకు గుర్తున్న కోటి ఒక్కతే.

అప్పటి శ్రావణమాసాలు వేరు. వాన ఇంకా పడీపడకుండానే వీధిలో పత్తి మిల్లుల నూగు ఎగిరి దోమతెరలకీ, ఆరేసిన బట్టలకీ, నాయనమ్మ నెరిసిన జుట్టుకీ అంటుకునేది, ఏది నెరుపో ఏది నూగో తెలిసేది కాదు. కోల్డు స్టోరేజీల నుంచి మిరప టిక్కీ బస్తాలు తీసుకుపోయే లారీ వీధి మలుపు తిరిగిందంటే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తుమ్ములు వరసగా పాకేవి, ఎవరింటి ముందుకు లారీ వచ్చిందో ఇంట్లో కూర్చునే చెప్పగలిగేవాళ్ళం. అరుగుల మీద అచ్చనగాయలు, నడివీధిలో తొక్కుడుబిళ్ళ, బడి నుంచి రాగానే గిన్నెడు మరమరాలూ బెల్లమ్ముక్కా. వరలక్ష్మీ వ్రతం ముందురోజు నాయనమ్మ కాలు బారజాపుకుని, బొటనవేలికి తెల్లదారం తగిలించి, పోగులు పేనుతూ, పసుపు రాస్తూ, పూవు పెట్టి ముడి వేస్తూ తోరాలు కట్టేది. వంటింట్లోంచి పూర్ణాల పిండి పులిసిన వాసన, నానబోసిన శనగల వాసన. మధ్యలో పోగు తెగితే నాయనమ్మ ఆ తోరం పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టేది. "తెగిన పోగు అతికి ముత్తైదువ చేతికి కడతారంటే, నీ మొహం" అనేది. ఆ పారేసిన పోగులు నేను పోగుచేసుకునేదాన్ని. నా జీవితంలో నేను పోగుచేసినవి చాలావరకు అట్లాంటివే.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళోకి ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు దిగాయి. విజయవాడ నుంచి నాన్న తెచ్చిన అట్టలకి గుచ్చి ఉండేవి, మెరుపులవీ గుండె బొమ్మలవీ. కొనుక్కున్న బ్యాండుకి బళ్ళో విలువ లేదు, చేత్తో అల్లిందే అసలు స్నేహమని మా క్లాసు ఆడపిల్లలు తీర్మానించారు. దారాల కొట్టు వాళ్ళ పిల్లని కాబట్టి నా చేతిలో కళ ఉంటుందని అందరూ నమ్మారు. నేను అల్లిన మొదటి బ్యాండు తేలు తోకలాగా ఒక పక్కకి మెలి తిరిగింది. రెండోదాన్ని చూసి నాయనమ్మ, పాలగిన్నె తోముకోడానికి బాగుంటుందని తీసుకుపోయింది. దారం చిక్కు పడేది, నేను చిక్కుల్లో పడేదాన్ని, ఒళ్ళు మాత్రం చిక్కేది కాదు.

కోటి వాళ్ళు మా దొడ్లో గదికి వచ్చింది ఆ ముందటి వేసవిలో. గురజాల అవతల ఒక ఊరు వాళ్ళది. పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయిన పక్షం వాళ్ళు ఊరు దిగి వచ్చేయడం మా వైపు కొత్త కాదు. ఎన్నికలైన నెలకల్లా పేటలో అద్దె గదులు దొరికేవి కావు. ట్రాక్టరు మీద మంచాలూ గాబులూ బియ్యం బస్తాలూ తెచ్చేవాళ్ళు, గేదెను ఎవరికో అప్పజెప్పి వచ్చేవాళ్ళు, వచ్చిన రోజు నుంచీ తిరిగి వెళ్ళే రోజు గురించే మాట్లాడుకునేవాళ్ళు. కోటి నాయన సాంబయ్య పోలింగు నాడు ఒక పక్షానికి ఏజెంటుగా కూర్చున్నాడు. ఆయన చేసిన నేరం ఆ కుర్చీలో కూర్చోవడమే. ఊళ్ళో అడుగుపెడితే కాళ్ళు ఉండవని కబురు పెట్టారు. చేలో మిరప కోతకొచ్చి ఉంటే వదిలేసి వచ్చాడు, కాయలన్నీ చెట్టు మీదే ఎండి ఎర్రగా రాలిపోయాయని తరవాత ఎవరో వచ్చి చెప్పారు.

నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. పెద్ద మీసాలు, పెద్ద గొంతు, ఆ గొంతుకి మా దొడ్డి చాలేది కాదు, అందుకని మెల్లిగా మాట్లాడటం నేర్చుకుంటున్నాడు. ఎప్పుడూ వీధి తలుపు కనపడేట్టు, వీపు గోడకి ఆనించి కూర్చునేవాడు. పనేమీ లేక పక్కింటివాళ్ళ నులక మంచాలు అల్లి పెట్టేవాడు, మా బావి చేదకి కొత్త తాడు పేనాడు. పది మంది కూలీలతో పని చేయించిన ఆయన భార్య రమణమ్మ పిన్ని పొద్దున్నే కోల్డు స్టోరేజీ దగ్గర మిరపకాయల ముచ్చికలు తీసే పనికి పోయి, మంటలెత్తే చేతులతో వచ్చి, మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. వాన చినుకు పడి మట్టి వాసన లేచిందంటే సాంబయ్య బాబాయ్ లేచి దొడ్లో పచార్లు చేసేవాడు. "నారు పోసే అదను పోతంది పెద్దమ్మా" అనేవాడు మా నాయనమ్మతో. ఆయనకి కావలసింది ఆ ఒక్కటే: ఊరికి పోవాలి, కాళ్ళతో పోవాలి, కాళ్ళు ఉండగా పోవాలి.

కోటికీ ఊరికి పోవాలనే ఉండేది, దాని ఊరు మాత్రం ఒక గోడ. వాళ్ళ పెరటి గోడకి అవతల అంజలి వాళ్ళ పెరడు. అంజలి నాయన ఎదుటి పక్షానికి పెద్ద. ఆ ఊళ్ళో రెండు టీ కొట్లు, రెండు క్షవరం కొట్లు, తిరునాళ్ళకి రెండు ప్రభలు, ఏ ఇంటివాళ్ళు ఎటు పోవాలో పుట్టుకతోనే ఖరారు. బడి మాత్రం ఒక్కటే, దానికి రెండో పంతుల్ని సర్కారు ఇవ్వలేదు కాబట్టి. ఆ బళ్ళో ఒకే బెంచీ మీద కోటీ అంజలీ. సెలవుల్లో గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి చింతకాయలు మార్చుకునేవాళ్ళట. ఊరు దిగేనాడు ట్రాక్టరు కదులుతుంటే అంజలి గోడ మీద గడ్డం ఆనించి చూస్తూ ఉండిపోయిందని కోటి చెప్పేది. చెప్పి, "మళ్ళా పోయేసరికి నన్ను మర్చిపోయిద్దేమో" అనేది.

అల్లిక కోటికి పుట్టుకతో వచ్చింది. వాళ్ళ నాయన పగ్గాలూ పలుపులూ ఉట్లూ పేనుతుంటే పక్కన కూర్చుని పెరిగింది. దారాల చివరలు బొటనవేలికి తగిలించుకుని, మోకాలు నిలబెట్టి, చూపు ఎక్కడో పెట్టి, వేళ్ళు వాటి దారిన అవి ముడి వేస్తూ పోతే, మా కొట్లో ఏళ్ళ తరబడి ఎవరూ కొనని రంగులు కూడా దాని మోకాలి మీద అందంగా కనపడేవి. పోగు తెగితే నేను బ్యాండు విసిరికొట్టేదాన్ని.

"ఏమే వాసవీ, తెగితే ఏడుస్తారంటే? రెండు కొసలు పట్టుకుని ముడెయ్యమాక, బొడిపె లేసిద్ది" అనేది. "కొత్త పోగుని ముందే లోపలికి తోలు. నాలుగు ముళ్ళు రెండూ కలిసి నడవాల. అప్పుడు పాతదాన్ని వదిలేయి."

"ఎందుకంట?"

"పాతది పోయాక కొత్తది తెస్తే సందు పడిద్ది. సందు పడ్డకాడే మళ్ళీ తెగిద్ది. మా నాయన చెప్పాడు. ఎద్దు పలుపైనా అంతే."

ఫ్రెండ్‌షిప్ డే దగ్గరపడుతుంటే కోటి అంజలి కోసం ఒక బ్యాండు మొదలుపెట్టింది. రెండే రంగులు తీసుకుంది. అవేమిటో ఇక్కడ రాయను. రాస్తే ఇప్పటికీ కొట్టుకి వచ్చేవాళ్ళలో సగం మంది అటు తిరిగి కూర్చుంటారు. ఒకటి వాళ్ళ పక్షం జెండా రంగు, ఒకటి అంజలి వాళ్ళది. ఒక వరస ఇదీ ఒక వరస అదీ, వంకీలు వంకీలుగా. "రెండూ ఉంటే ఎవరికీ కోపం రాదుగా" అంది. నాకూ సబబుగానే తోచింది. ఆ వైపు రెండు రంగులు పక్కపక్కన ఉంటే ఎవరికి వాళ్ళకి అవతలివాళ్ళ రంగే కనపడుతుందని తెలిసే వయసు కాదు మాది. దారం పాతది కావడంతో మాటిమాటికీ తెగేది, కోటి అతికేది, తెగేది, అతికేది. పూర్తయ్యాక చూస్తే నున్నగా పాము కుబుసంలా ఉంది.

దాన్ని తీసుకుపోయింది మస్తాను తాత. పరుపులు కుట్టే దూదేకుల ముసలాయన, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పల్లెలన్నీ తిరిగేవాడు, మందపాటి దారం కోసం మా కొట్టుకి వచ్చేవాడు. కోటి వాళ్ళ ఊళ్ళో రెండు బజార్లలోనూ ఆయన విల్లు మోగేది. "పరుపుకి పార్టీ ఏందిరా, నిద్ర అందరికీ ఒకటే" అనేవాడు. కోటి బ్యాండు ఇస్తే చూసి నవ్వాడు.

"నన్ను రాజీకి పంపుతన్నావంటే, కోటమ్మా?"

మాకు అర్థం కాలేదని ఆయనే విడమరిచి చెప్పాడు. నిప్పూ నీళ్ళూ తెగిన ఇళ్ళ మధ్య ఆ వైపు ఊళ్ళలో మాట నేరుగా నడవదు, వస్తువు నడుస్తుంది. ఏదో ఒకటి, శుభలేఖో పుట్టెంట్రుకల నాటి ఫలహారమో, ఏ పక్షానికీ చెందని మనిషి చేతికిచ్చి పంపుతారు. కక్ష పచ్చిగా ఉంటే అవతలివాళ్ళు దాన్ని పెంట మీద పారేస్తారు. పారేయకుండా అదే మనిషి చేత తిప్పి పంపితే మనసు మెత్తబడిందని, మనిషి వచ్చి మాట్లాడవచ్చని గుర్తు. "ఇది పిల్లల ఆటలే, దీనికి అవన్నీ లెక్క రావు" అని బ్యాండుని బొడ్డు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఫ్రెండ్‌షిప్ డే అయిపోయింది. మా చేతులు మోచేతుల దాకా బ్యాండ్లతో నిండి, వాన తడికి రంగులు దిగి, అన్నంలో కూడా కలిశాయి. ఆ తరవాత ఒక మధ్యాహ్నం మస్తాను తాత వచ్చాడు. కొట్టుకి కాకుండా నేరుగా దొడ్లోకి వచ్చి, విల్లు గోడకి ఆనించి, బొడ్డు సంచిలోంచి ఆ బ్యాండు తీసి కోటి చేతిలో పెట్టాడు. రెండు ముక్కలు. ఏ పోగూ పీకినట్టు లేదు, కొడవలి పెట్టి ఒక్క లాగు లాగినట్టు అన్నీ ఒకే వరసన తెగి ఉన్నాయి.

"అంజలి వాళ్ళ బాబాయి కోసి అవతల పారేశాడంట. ఆ పాప ఏరుకుంది" అన్నాడు మస్తాను తాత. "అతికి పంపమంది. ఈసారి కాలికి కట్టుకుంటదంట, పావడా కింద ఎవరికీ కనపడదని."

కోటి మొహం వెలిగింది. బ్యాండు తెగినందుకు కాదు, ఏరుకున్నందుకు. గోడకి వీపు ఆనించి కూర్చున్న సాంబయ్య బాబాయికి అప్పటిదాకా ఈ బ్యాండు సంగతి తెలియదు. ఎవరికి, ఎక్కణ్ణుంచి అని అడిగి తెలుసుకున్నాడు. కోప్పడతాడని కోటి నా వెనక్కి చేరింది, నేను దాని వెనక్కి చేరాలని చూశాను. ఆయన కోప్పడలేదు. మస్తాను తాత వైపు కాస్త ముందుకు జరిగాడు.

"పాప ఇచ్చేటప్పుడు ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"వాళ్ళ నాయన అరుగు మీదే ఉన్నాడు."

"చూశాడా?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"ఏమనలా. చుట్ట కాల్చుకుంటన్నాడు."

సాంబయ్య బాబాయ్ ఆ ఒక్క మాటా రెండుమూడు సార్లు నెమ్మదిగా అనుకున్నాడు, ఏమనలా, ఏమనలా అని. తరవాత కోటిని పిలిచి బ్యాండు ముక్కలు తీసుకున్నాడు. "ఇటియ్యి. అన్ని పోగులూ తెగినయ్యి, నీ వల్ల కాదు" అని, బొటనవేలికి ఒక ముక్క తగిలించి, కొత్త దారాలు మధ్యలో పోసి, వాటిని ఇటు ముక్క ముళ్ళలోకి కొంత, అటు ముక్క ముళ్ళలోకి కొంత సన్నగా నడిపిస్తూ కూర్చున్నాడు. నాగలి పట్టిన వేళ్ళు, ఒక్కో వేలూ నా మణికట్టంత లావు. ఆ దారాల మధ్య అవి అంత మెత్తగా తిరుగుతాయని నేను అనుకోలేదు. ఆయన పని చేస్తూ పాట లాంటిదేదో గొణుక్కోవడం, ఒకసారి చిన్నగా నవ్వడం కూడా మేము విన్నాం. వాళ్ళు మా దొడ్లోకి వచ్చాక ఆయన నవ్వు వినడం అదే మొదలు.

సాయంత్రం రమణమ్మ పిన్ని పని నుంచి వచ్చి, చేతులు మజ్జిగలో పెట్టుకుని విషయమంతా విన్నది.

"పిల్లల ఆటని నమ్ముకుని పోతావా?" అంది.

"పిల్లల చేతనే పంపుతారే. పెద్దోళ్ళకి నామోషీ గదా."

"కోసి పారేశారు గదయ్యా."

"కోసింది తమ్ముడు. తిప్పి పంపిచ్చింది ఇంటాయన. వద్దనుకుంటే అరుగు మీద నుంచి ఒక్క కేక ఏస్తే పాప ఇస్తదా?"

పేటలో పుట్టిన నా చెవికి ఆ వాదం వింతగా ఉంది కానీ, వాళ్ళిద్దరూ పుట్టి పెరిగిన ఊళ్ళో అదే చట్టం, అదే వ్యాకరణం. అక్కడ ఒక మనిషి మాట్లాడితే ఒక అర్థం, మాట్లాడకపోతే పది. ఆ పదిలో తనకు కావలసిన ఒక్కదాన్ని ఆయన ఏరుకున్నాడు. మస్తాను తాత మటుకు, "నేను పోయి ఇంకోసారి అడిగొస్తా ఆగు, సాంబయ్యా" అన్నాడు. నారు పోసే అదను మనిషిని ఆగనివ్వలేదు.

ఆయన బయలుదేరింది వరలక్ష్మీ వ్రతం నాటి పొద్దున. పెట్టెలోంచి తెల్లచొక్కా తీసి, మా ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేయించుకుని తనే మడతలు తీర్చుకున్నాడు. బ్యాండుని రుమాల్లో చుట్టి పై జేబులో పెట్టుకున్నాడు. "నేనే ఇస్తాలే ఆ పిల్లకి, పెద్దాయన ముందే ఇస్తా" అన్నాడు కోటితో. పూజకి పీట కడుగుతున్న నాయనమ్మ, "వ్రతం పూట ఎందుకు నాయనా, రేపు పోరాదా" అంది.

"మంచిరోజేగా పెద్దమ్మా. పొద్దుగూకేసరికి వస్తా. నా వంతు శనగలు ఉంచండి."

ఆ రోజు మా ఇంటి నిండా ముత్తైదువలు, మల్లెపూలు, కర్పూరం, వేగిన పూర్ణాల నూనె వాసన. కోటీ నేనూ పసుపు గిన్నె పట్టుకుని కాళ్ళకి పసుపు రాస్తూ తిరిగాం. రమణమ్మ పిన్నికి నాయనమ్మ తనే తోరం కట్టింది. మిరప మంటకి పగిలిన ఆ చేతి మీద పసుపు దారం ఎంత కొత్తగా కనపడిందో. వాయనాలు సగం ఇచ్చారో లేదో, వీధిలో మా కొట్టు షట్టరు దిగిన చప్పుడు వినపడింది. మధ్యాహ్నం పూట, అదీ పండగ బేరం నాడు, మా నాన్న షట్టరు దించడం నేను ఎరగను. ఇంట్లోకి వచ్చి, అంత మంది ఆడవాళ్ళని చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు కూడా విడవలేదు. గురజాల నుంచి కొట్టుకి ఫోను వచ్చింది. సాంబయ్య బాబాయ్ ఊళ్ళోకి చేరనేలేదు, ఊరి బయట వాగు మీద కల్వర్టు దగ్గరే కాపు కాశారు.

ఎవరెలా ఏడ్చారో నేను రాయలేను. రమణమ్మ పిన్నిని కారులో ఎక్కిస్తుంటే నాయనమ్మ ఆ చేతి తోరం వైపు చూసి, ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తోరాల శాస్త్రమంతా నోటికి వచ్చిన మనిషికి ఆ ఒక్క తోరాన్ని ఏం చేయాలో తెలియలేదు. బాబాయ్ వంతు శనగలు వంటింటి అలమారలో గిన్నెలోనే ఉండిపోయాయి. వాటిని తీసే ధైర్యం ఎవరికీ లేక, మూడోనాటికి మొలకలెత్తాయి.

కారు రావడానికి ముందు కోటి ఏం చేసిందో మాత్రం చూశాను. అది ఏడవలేదు. గదిలోకి వెళ్ళి, నా కోసం అల్లుతూ సగంలో ఆపిన బ్యాండు ఒకటి గూట్లో ఉంటే తీసి, కూర్చుని, ముడి ముడీ విప్పింది. అట్లాంటి ముళ్ళు విప్పడం వేయడం కన్నా కష్టం, గోళ్ళు విరుగుతాయి. అన్నీ విప్పి, వంకీలు తిరిగిన దారాలను నిమిరి, రంగు వారీగా విడదీసి నా చేతిలో పెట్టింది. "మీ కొట్లో పెట్టెయ్యవే" అంది. నేను తీసుకున్నాను. అంతకన్నా ఏం చేయాలో నాకు మాత్రం ఎవరు నేర్పారు?

బతికుండగా పోనివ్వని ఊరు, ప్రాణం పోయాక రానిచ్చింది. పోలీసు జీపుల మధ్య శవం ఊళ్ళోకి పోయింది, దాని వెనకాల ట్రాక్టరు మీద మంచాలూ గాబులూ పోయాయి. శవం లేచిన ఇంటి మీదికి ఎవరూ రారని ఆ వైపు ఒక కట్టుబాటు. పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చారు. ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు, ఒక్క కోర్టుకే తెలియలేదు, సాక్షులు ఒక్కొక్కరే మర్చిపోయారు, కేసు పోయింది. బాబాయ్ జేబులో రుమాలు మాత్రం పిన్నికి ఇచ్చారు. బ్యాండు ఏమైందో తెలియదు. గది ఖాళీ చేసి మిగిలిన సామాను తీసుకుపోవడానికి వచ్చిన రోజున, బుద్ధి లేనిదాన్ని, "నాకొక బ్యాండు అల్లివ్వవే" అని అడిగాను. కోటి నా వైపు చూసి, "నాకు రాదు" అంది. అబద్ధం కాదనిపించింది. దాని వేళ్ళు అప్పుడు ఒళ్ళో రెండు చెక్క ముక్కల్లా ఉన్నాయి.

ఇప్పుడు ఆ దొడ్డి గది లేదు, అక్కడ మా ఆయన బండీ, అద్దెకున్నవాళ్ళ బండ్లూ నిలుస్తాయి. నాయనమ్మ పోయాక మా ఇంట్లో తోరాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, ముళ్ళు కూడా వాళ్ళే వేసి పంపుతారు. మస్తాను తాత చివరి రోజుల్లో ఫోము పరుపుల దుకాణం ముందు కాపలా కూర్చునేవాడు, విల్లు ఏ గోడకి ఆనించాడో మళ్ళీ చూడలేదు. మిరప లారీలు ఊరి బయటి బైపాసు మీదుగా పోతున్నాయి, వీధి వీధంతా వరసగా తుమ్మడం మా అమ్మాయికి చెబితే నమ్మదు. ఇక ఆ రెండు రంగులు. ఆ ఊరి రెండు పక్షాల నాయకులూ ఎవరి తొందరలో వాళ్ళు జెండాలు మార్చి, అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ కొన్నాళ్ళు తిరిగి, చివరికి అందరూ ఒకే గొడుగు కిందికి చేరారు. ఆ బ్యాండు ఇవాళ అల్లితే ఒక్క రంగుతోనే సరిపోతుంది.

పోయిన మాఘంలో కోటి ఫోన్ చేసింది, కూతురికి ఓణీలు ఇస్తున్నాం, రమ్మని. వెళ్ళాను. కోటి వాళ్ళ ఊరంతా సిమెంటు రోడ్డు, కల్వర్టు వెడల్పు చేశారు, దాని మీద బస్సు ఆగకుండా పోయింది. షామియానా కింద పంక్తి వేశారు. అంజలి వచ్చింది, మాచర్లలో కాపురమట, కోటి కూతురికి చీర పెట్టి అక్షింతలు వేసి, కోటి పక్కన నిలబడి ఫోటో దిగింది. ఇద్దరూ పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. బ్యాండు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు అది కాలికి కట్టుకునేందుకు ఎదురు చూసిందా, ఎంతసేపు చూసింది అని అడగాలని నాకు నోటి దాకా వచ్చింది, లడ్డూ పెట్టి మూసుకున్నాను.

అంజలి నాయన కూడా వచ్చాడు. చూపు సరిగా ఆనడం లేదు, మనవడు చెయ్యి పట్టుకుని తెచ్చి నా ఎదటి వరసలో కూర్చోబెట్టాడు. కోటి వంకాయ కూర గిన్నె పట్టుకుని వరసగా వడ్డించుకుంటూ వచ్చి ఆయన ముందు వంగింది.

"ఇంకాస్త ఏసుకో పెదనాయనా."

"చాలమ్మా" అన్నాడాయన, చెయ్యి అడ్డం పెట్టి. గొంతు మెత్తగానే ఉంది. ఆ గొంతే ఆనాడు అరుగు మీద ఎందుకు మూగబోయిందో, అది ఒప్పుకోలో, ఎర వేయడమో, ఉత్త చుట్ట కాల్చుకోవడమో, అడిగేవాళ్ళు లేరు, ఇక చెప్పేవాళ్ళూ ఉండరు. కోటి ఆయన అడ్డం పెట్టిన చెయ్యి పక్కనుంచే ఒక గరిటె వేసి, తరవాతి ఆకుకి కదిలింది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట నేను దాని పక్కన నిలబడ్డాను. చెంబుతో నీళ్ళు పోస్తూ, నేనేమీ అడక్కముందే, నా మొహం చూసి అంది.

"మా నాయన ఈ పంక్తిలో కూర్చుందామనేగా, ఆ రోజు పోయింది."